పన్నెండు పెట్టెలు, అరవై బొబ్బట్లు

తిండి దగ్గర చెయ్యి ఆగక అల్లాడే తొమ్మిదిమంది ఒక గదిలో కూర్చుని, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటున్నారనుకోండి. అలాంటి చోటికి ఎవరైనా బొబ్బట్లు పట్టుకెళ్తారా? నేను పట్టుకెళ్ళాను. అరవై చేశాను, నెయ్యి ఓడేలా చేశాను. పట్టుకెళ్ళి ఊరుకుని ఉంటే ఇది చెప్పుకునేంత సంగతి కాదు. అక్కడికెళ్ళాక ఏం చేశానో తెలిస్తే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది. అయినా చెబుతాను. అప్పట్లో నేను నవ్వే స్థితిలో లేను కాబట్టి నా వాటా నవ్వు కూడా మీరే నవ్వేయండి.

ఇది 2008 నాటి మాట. మేం నార్త్ కరోలినాలో మోరిస్‌విల్‌లో ఉంటాం. నా పేరు విమల. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే ఇతరుల తప్పులు వెతికి పట్టుకుని జీతం తీసుకోవడం. నా తప్పు మాత్రం నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఎవరికీ దొరకలేదు. నేను దొంగతనంగా తినేదాన్ని.

ఆకలేసి కాదు. ఆకలేస్తే అందరూ తింటారు. నేను సంతోషమొచ్చినా తినేదాన్ని, కోపమొచ్చినా తినేదాన్ని, ఏదీ రాకపోతే ఎందుకు రాలేదా అని తినేదాన్ని. మొదలుపెట్టడం నా చేతిలో ఉండేది, ఆపడం ఉండేది కాదు. దీనికి నా దగ్గర ఒక పెద్ద శాస్త్రమే తయారై ఉండేది. నిలబడి తింటే లెక్కలోకి రాదు. విరిగిపోయిన ముక్కలు లెక్కలోకి రావు. కారులో తిన్నది కారు ఖాతాలోకి పోతుంది. ఈ లెక్కన నేను రోజంతా ఉపవాసమే.

నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం నాలాంటి నిగ్రహం ఎవరికీ ఉండదు. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌లో రెండు చెంచాల సలాడ్ పెట్టుకుని గంటసేపు దాన్ని అటూ ఇటూ కదిపేదాన్ని. "విమల ఎంత కంట్రోల్‌గా ఉంటుందో చూడండి" అని ఒకావిడ అంటే, "అవును, పాపం థైరాయిడ్ అయ్యుంటుంది" అని ఇంకొకావిడ నా ఒంటి వంక చూసి జాలిపడేది. నేను తల ఊపేదాన్ని. లేని థైరాయిడ్‌కి మూడేళ్ళపాటు అందరి దగ్గరా సలహాలు తీసుకున్నాను. ఒకాయన హోమియో గోళీలు కూడా ఇచ్చాడు. అవి తియ్యగా ఉంటాయి కాబట్టి వాటినీ ఒక్కరోజులో ముగించాను.

దాచే చోట్లు కూడా తక్కువేం లేవు. బియ్యం బస్తాలో జీడిపప్పు బర్ఫీ, చలికోటు జేబులో జంతికలు, బట్టలుతికే గదిలో ఖాళీ సబ్బుపొడి డబ్బాలో లడ్డూలు. ఒకరోజు మా అమ్మాయి సింధు బడినుంచి వచ్చి, "అమ్మా, నా జిమ్ షర్ట్ ఎందుకు లడ్డూ స్మెల్ వస్తుంది?" అని అడిగింది. కొత్తరకం సబ్బు అని చెప్పాను. పన్నెండేళ్ళ పిల్ల, అమెరికాలో పుట్టిన పిల్ల, నమ్మేసింది. ఆ సబ్బే మళ్ళీ కొనమంది.

ఇంతవరకూ వినడానికి సరదాగానే ఉంది కదా. ఇప్పుడు సరదాగా లేనిది చెబుతాను.

ఆ ఏడు మార్చిలో మా స్నేహితురాలు సరళ గృహప్రవేశం. వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి వంద స్వీట్ పెట్టెలు ఆర్డర్ చేసింది. ఒక్కో పెట్టెలో ఒక లడ్డూ, ఒక మైసూర్‌పాకు, రెండు కాజూ బర్ఫీలు. కొత్తింట్లో అంతా సామాను, పనివాళ్ళు. "విమలా, నాలుగురోజులు మీ గరాజ్‌లో పెట్టుకుంటావా?" అని అడిగింది. నేను సలాడ్ తినే మనిషిని కదా, నాకంటే నమ్మకస్తురాలు ఎవరు దొరుకుతారు?

నాలుగోరోజు మా ఆయన భాస్కర్ పెట్టెలు కారులో సర్దుతూ లెక్కపెడితే ఎనభై ఎనిమిదే ఉన్నాయి. "షాపువాళ్ళే తక్కువ పంపుంటారు" అన్నాను.

భాస్కర్ మితభాషి. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన గొంతు పెంచడం నేను చూడలేదు. ఆరోజు పెంచాడు. గృహప్రవేశానికి ఇలా మోసం చేస్తే ఎలా అండీ, మీ పెద్దరికానికి ఇది తగునా అంటూ స్వీట్ షాపు ఆయన్ని ఫోన్‌లో పట్టుకుని కడిగేశాడు. నా మాట నమ్మి, నా కోసం, ఒక పెద్దమనిషిని నానామాటలూ అంటుంటే నేను సరుకులు పెట్టుకునే ప్యాంట్రీలో తలుపు వేసుకుని నిలబడి విన్నాను. నిలబడి ఉత్తినే ఉన్నానా అంటే, లేను. చేతికి ఏది దొరికితే అది నములుతున్నాను.

షాపు ఆయన పేరు వెంకటరత్నం గారు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది, ఆయనా భార్యా కలిసి చేసే చిన్న దుకాణం. రెండుసార్లు లెక్కపెట్టి పంపానండీ అని మెల్లగా ఒక్కమాట అని, తర్వాత క్షమించమన్నారట. గంటలో తనే కారు వేసుకుని పన్నెండు పెట్టెలూ తెచ్చి నా చేతికిచ్చారు. "వయసు మీదపడుతోందమ్మా, పొరపాటయింది" అన్నారు. పిల్లకి ఇవ్వమని పదమూడో పెట్టె కూడా ఇచ్చారు. ఆ పెట్టె కూడా పిల్ల దాకా చేరలేదు.

ఆ తర్వాత నేను ఎప్పుడు ఆ దుకాణానికి వెళ్ళినా ఆయన నాకోసం ప్రత్యేకంగా కళ్ళద్దాలు తుడుచుకుని, నా ఎదుటే ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టి ఇచ్చేవారు. "మీకు మళ్ళీ ఇబ్బంది కాకూడదు కదమ్మా" అనేవారు. ఆ లెక్క పూర్తయ్యేదాకా నాకు ప్రాణం పోయి వచ్చేది.

ఏప్రిల్‌లో లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. తిండి ఆపుకోలేకపోతున్నారా, మీరొక్కరే కాదు అని రాసి, కింద ఫోన్ నెంబరున్న చిన్న ముక్కలు చింపుకోవడానికి వేలాడదీశారు. చుట్టూ తెలుగువాళ్ళెవరూ లేరని చూసుకుని ఒకటి చింపాను. అది నా పర్సులో ఐదు నెలలుంది. సెప్టెంబర్‌లో ఒకరోజు వెంకటరత్నం గారు నాలుగు పెట్టెలకి మూడుసార్లు లెక్కపెట్టాక, బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చి, ఆ నెంబరుకి ఫోన్ చేశాను.

ఎత్తినావిడ పేరు జూడీ. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. నలభైమంది పిల్లలు ఒక్కసారి అరుస్తున్నా వినిపించే గొంతు. నేను నా పేరు చెప్పకుండా, నాకు తెలిసిన ఒకావిడకి ఇలా ఉందని పదినిమిషాలు చెప్పాను. అంతా విని, ఆ ఒకావిణ్ణి శనివారం పదింటికి రమ్మని చెప్పు అంది. ఫీజు లేదు, బరువు చూడరు, డైట్ చార్టులు ఇవ్వరు, కూర్చుని నిజం చెప్పుకుంటారు, అంతే. మా ఊరికి ఇరవై మైళ్ళ దూరంలో ఒక చర్చి బేస్‌మెంట్‌లో. ఇరవై మైళ్ళంటే నాకు ప్రాణం లేచొచ్చింది, తెలిసినవాళ్ళు తగలరు.

ఫోన్ పెట్టేసే ముందు, "నేనేం తీసుకురాను?" అని అడిగాను.

"ఏమీ వద్దు హనీ. నువ్వొస్తే చాలు" అంది జూడీ.

ఇక్కడే కొంప మునిగింది. మన ఇళ్ళలో ఆ మాటకి అర్థమేంటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏమీ తేవద్దండీ, మీరొస్తే చాలు అన్నవాళ్ళింటికి నిజంగానే ఏమీ తేకుండా వెళ్ళిన ఒక కుటుంబం గురించి మావాళ్ళు మూడేళ్ళ తర్వాత కూడా చెప్పుకోవడం నేను విన్నాను. పైగా ఈ దేశమొచ్చాక నేను వెళ్ళిన భజన, గీత క్లాసు, యోగా క్లాసు, పిల్లల బడి మీటింగు, ఏదైనా సరే చివర పేపర్ ప్లేటుతోనే ముగిసింది. నిష్కామ కర్మ మీద గంటన్నర విని సమోసాల దగ్గర తోసుకున్నవాళ్ళం మేము. జూడీ మరీ అంత గట్టిగా వద్దందంటే, పాపం వాళ్ళకి చేసి తెచ్చేవాళ్ళు ఎవరూ లేరేమో అనుకున్నాను. మొదటిసారి వెళ్తూ ఒట్టి చేతులతో వెళ్తే మనవాళ్ళ పరువేం కావాలి?

శుక్రవారం పప్పు నానబోశాను. శనివారం పొద్దున్నే లేచి ఉడికించి, బెల్లం వేసి, యాలకులు దంచి, పూర్ణం ఉండలు చేసి, ఒక్కొక్కటీ పల్చగా అద్ది పెనం మీద వేసి కాల్చాను. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే భాస్కర్ వచ్చి ఇవాళ ఏం పండగ అని అడిగాడు. ఆఫీసు వాళ్ళ పాట్‌లక్ అన్నాను. తిండి మానడానికి వెళ్తున్నానని చెప్పడం సిగ్గు, దానికి అరవై బొబ్బట్లు చేయడం సిగ్గు కాదు. ఆరోజు నా బుర్ర అలా పనిచేసింది.

చర్చికి ఇరవై నిమిషాలు ముందే చేరి, ఎవరికీ కనపడకుండా వెనకవైపు చెత్తడబ్బాల పక్కన కారు ఆపాను. ట్రే పక్కసీటులో ఉంది. దానికి సీటుబెల్టు కూడా పెట్టాను. ఒక బొబ్బట్టు అంచు కాస్త చిరిగింది. చిరిగింది లెక్కలోకి రాదని మీకు ముందే చెప్పాను కదా. ఆ తర్వాత దాని పక్కది ఒంటరిదైపోయింది. పదింటికి ఐదు నిమిషాలుందనగా చూసుకుంటే పదకొండు లేవు. మిగిలినవాటిని వెడల్పుగా పరిచి, ఖాళీలు కనపడకుండా సర్ది, పైన ఫాయిల్ కప్పి, మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

బేస్‌మెంట్‌లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. అందరూ నాలాగే ఉంటారనుకున్నాను. కానీ అక్కడ లావువాళ్ళున్నారు, నా అంతవాళ్ళున్నారు, గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్న మార్సీ అనే ఒక నర్సమ్మ కూడా ఉంది. మూలన బల్ల మీద కాఫీ తప్ప ఇంకేం లేదు. ఒక్క బిస్కెట్టు లేదు. నా మనసు ఉప్పొంగిపోయింది. తేవడం ఎంత మంచిదయిందో చూశావా అని నన్ను నేనే మెచ్చుకుని, ట్రే బల్ల మీద పెట్టి ఫాయిల్ తీసేశాను.

నెయ్యీ యాలకుల వాసన గదంతా కమ్మింది. ఎవరో మాట్లాడుతున్నవాళ్ళు మధ్యలో ఆపేశారు.

"అదేంటి హనీ?" అని అడిగింది జూడీ, చాలా నెమ్మదిగా.

అడగడమే తడవు. పప్పు ఎంత మెత్తగా ఉడకాలో, పాకం ఎక్కడ దించాలో, పూర్ణం చేతికి అంటకుండా ఎలా చుట్టాలో మొదలుపెట్టాను. అందరూ కన్నార్పకుండా వింటున్నారు. ఆఫీసులో నా ప్రెజెంటేషన్‌ని ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు. వేడిమీద ఉన్నప్పుడు పైన ఇంకో చెంచా నెయ్యి వేసుకుంటే నోట్లో వెన్నలా కరిగిపోతుందని చెప్పేసరికి మార్సీ కళ్ళు మూసుకుని కుర్చీ చేతులు పట్టుకుంది. ఆవిడకి అంత నచ్చిందని మురిసిపోయాను.

ఎవరూ లేచి తీసుకోవడంలేదు. మొహమాటపడుతున్నారు, పాపం. మొహమాటపడేవాళ్ళకి ఎలా పెట్టాలో మనకి పుట్టుకతో వస్తుంది. నాప్కిన్‌లో ఒక బొబ్బట్టు పెట్టుకుని మార్సీ దగ్గరికి వెళ్ళాను. వద్దంది. ఒకసారి వద్దంటే మర్యాద. రెండోసారి అడిగాను. వద్దండీ ప్లీజ్ అంది. రెండోసారి వద్దంటే ఇంకాస్త మర్యాద. మూడోసారి ఆవిడ చేతిలో పెట్టబోతే ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఇంత మొహమాటస్తులేంటి ఈ అమెరికన్లు అనుకుంటూ పక్కాయన దగ్గరికి జరిగాను.

ఆయన పేరు క్లారెన్స్. రిటైరైన పోస్ట్‌మాన్, ఆరడుగుల మనిషి. ఆయన ముందు నాప్కిన్ పట్టుకుని, మా అమ్మమ్మ అల్లుళ్ళకి వడ్డించేటప్పుడు అనే మాట ఇంగ్లీషులో అన్నాను.

"ఒక్కటి తీసుకోండి. ఒక్కదానికి ఏం కాదు."

క్లారెన్స్ నా వంక చూశాడు. ఆయన కళ్ళలో కోపం లేదు.

"మ్యామ్, నేను ఈ గదిలోకి రావడానికి కారణం ఆ మాటే" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. చుట్టూ చూస్తే ఒక్కొక్కరి మొహం కనపడింది. ప్యాంట్రీలో తలుపు వేసుకున్నప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూసుకోలేదు. ఆరోజు తొమ్మిది మొహాల్లో చూశాను. మద్యం మానాలనుకునేవాళ్ళ మధ్యకి సీసా తెచ్చి మూత తీసి, గ్లాసులో పోసి, ముక్కు దగ్గర పెట్టి బతిమాలినట్టు చేశాను నేను. నాలుగైదు సార్లు సారీ అని, ట్రే మీద ఫాయిల్ అడ్డదిడ్డంగా కప్పి, చంకన పెట్టుకుని తలుపు వైపు పరిగెత్తాను. మళ్ళీ జన్మలో ఈ మొహాలు చూడకూడదు అనుకున్నాను. ఆ తలుపు దాటి ఉంటే నిజంగానే చూసేదాన్ని కాదు. ఇవాళ ఇది రాయడానికి నేను ఏ స్థితిలో ఉండేదాన్నో కూడా తెలియదు.

జూడీ తలుపుకి అడ్డంగా నిలబడింది. బస్సులోంచి పిల్లలు దిగిపోకుండా ఆపిన అనుభవం.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావు దాన్ని?"

"ఇంటికి."

"ఇంటికా, కారుకా?"

నాకు అబద్ధం చెప్పడం కొత్త కాదు. సబ్బుపొడి, థైరాయిడ్, పాట్‌లక్, ఏదైనా క్షణంలో పుట్టేది. కానీ ఆవిడ నన్ను పట్టుకోవడానికి అడగలేదు. తనకి ఆ దారి తెలిసి అడిగింది.

"కారుకి" అన్నాను.

"ఎన్ని చేశావు?"

"అరవై."

"ఇప్పుడెన్ని ఉన్నాయి?"

"నలభై తొమ్మిది." అక్కడితో ఆగాల్సింది, ఆగలేదు. ఏడుస్తూ పన్నెండు పెట్టెల సంగతి, భాస్కర్ అరవడం, పదమూడో పెట్టె, వెంకటరత్నం గారు కళ్ళద్దాలు తుడుచుకోవడం, అన్నీ చెప్పేశాను. చెప్పాక తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూశాను.

తిట్లు రాలేదు. క్లారెన్స్ గొంతు సవరించుకుని, తను పోస్ట్ బండిలో పార్సిళ్ళ వెనక డోనట్లు దాచేవాణ్ణని, ఒకరోజు చక్కెర అంటిన ఉత్తరాలు పంచి వీధంతటికీ చీమలు పట్టించానని చెప్పాడు. జూడీ బస్సులో ఫస్ట్ ఎయిడ్ పెట్టె నిండా చాక్లెట్లేనట. ఒక పిల్లాడు మోకాలు చీరుకుపోయి వస్తే పెట్టె తెరవలేక తన స్కార్ఫ్ చింపి కట్టు కట్టిందట. మార్సీ ఆస్పత్రిలో రోగులు వదిలేసిన ట్రేలు తినేదట. అది చెప్పి ఆవిడే ముందు నవ్వింది. తర్వాత గదంతా నవ్వింది. నలభై రెండేళ్ళలో మొట్టమొదటిసారి, నా తిండి గురించి నేను నవ్వుతున్నాను, నాతోపాటు ఇంకో తొమ్మిదిమంది నవ్వుతున్నారు. గుండె మీదనుంచి ఎవరో బియ్యం బస్తా దించినట్టయింది.

నవ్వులయ్యాక అసలు సమస్య మిగిలింది. నలభై తొమ్మిది బొబ్బట్లు. వాటిని బయటికి ఎవరు తీసుకెళ్ళాలి?

నేను తీసుకెళ్తానంటే అందరూ ఒక్కసారే వద్దన్నారు. క్లారెన్స్ తనని నమ్మొద్దని తనే చెప్పాడు. జూడీ తను తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వేసి వస్తానంది. చెత్తడబ్బాలోంచి తీసుకుని తిన్నవాళ్ళు ఈ గదిలో ఎంతమంది అని మార్సీ అడిగితే ఆరు చేతులు లేచాయి. ఒకటి నాది. ఇద్దరిని పంపుదామంటే ఇద్దరూ కుమ్మక్కవుతారని ఎవరో అన్నారు. చివరికి తేలిందేమిటంటే, ఒక్కరివల్ల కాదు, ఇద్దరివల్ల కాదు, పదిమందీ కలిసి వెళ్తే తప్ప ఆ ట్రే క్షేమంగా గది దాటదు.

రోడ్డుకి అవతల ఫైర్ స్టేషన్ ఉంది. ట్రేకి ఆ చివర జూడీ, ఈ చివర క్లారెన్స్, ముందు నేను, చుట్టూ మిగిలినవాళ్ళు. పెళ్ళిలో సారె మోసుకెళ్తున్నట్టు మెట్లెక్కి, పచ్చిక దాటి, రోడ్డు మీదికి వచ్చాం. రెండు కార్లు ఆగి దారిచ్చాయి. మధ్యలో ఫాయిల్ కాస్త లేస్తే నాలుగు చేతులు ఒకేసారి దాన్ని నొక్కాయి.

ఫైర్ స్టేషన్‌లో ఒక యువకుడు తలుపు తీసి, మా పదిమందినీ, మా మొహాల్లో గాంభీర్యాన్నీ చూసి ఏ ఇల్లు కాలుతోందని అడిగాడు. ఏమీ కాలడంలేదు, మీకు స్వీట్లు తెచ్చామని జూడీ చెప్పింది. అతను సంతోషించి, మర్యాద తెలిసిన పిల్లాడు కాబట్టి, మీరూ తలా ఒకటి తీసుకోండి అన్నాడు. పదిమందిమీ "నో" అన్నాం. అతను ఒక అడుగు వెనక్కి వేసి, ట్రే లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ బొబ్బట్లు తినాలా, పరీక్షకి పంపాలా అని వాళ్ళు ఎంతసేపు ఆలోచించారో నాకు తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక భాస్కర్‌కి మొత్తం చెప్పాను. ఆయన లేచి తన కంచం కడిగాడు, నా కంచం కడిగాడు, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాడు. నాకు భయమేసింది. చివరికి చేతులు తుడుచుకుంటూ, "ఆయన మీద అరిచింది నేను. రేపు నేనూ వస్తా" అన్నాడు. తువ్వాలు పక్కన పెట్టి, "ఇన్నేళ్ళు ఒక్కదానివే ఎలా మోశావే ఇదంతా" అన్నాడు. నేను మళ్ళీ ఏడ్చాను. ఆరోజు నా కళ్ళకి అది రెండో షిఫ్టు.

ఆదివారం దుకాణం తెరిచేసరికి వెళ్ళి నిలబడ్డాం. వెంకటరత్నం గారు నన్ను చూడగానే కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. అవి తుడవక్కర్లేదండీ అని, ఆ పన్నెండు పెట్టెలూ నేనే తిన్నానని చెప్పేశాను. భాస్కర్ రెండు చేతులూ జోడించి, మిమ్మల్ని అన్న మాటలకి క్షమించండి అన్నాడు. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"అయితే వందా ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయండీ. మీరు సరిగ్గానే పంపారు."

ఆయన లోపలికి తిరిగి, భార్యని పిలిచి, "విన్నావా, వందా ఉన్నాయంట" అన్నారు. ఆవిడ పిండి చేతులతో బయటికొచ్చి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడు తెలిసింది మాకు. ఆయన అన్నగారికి చివరి రోజుల్లో మతిమరుపు వచ్చి ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టలేదట. రెండుసార్లు లెక్కపెట్టిన పెట్టెలు పన్నెండు తగ్గాయనేసరికి తనకీ అదే మొదలైందని ఆయన ఆరు నెలలుగా హడలిపోతున్నారు. డాక్టర్‌కి చూపించుకోమంటే, ఏం చెబుతాడోనని వెళ్ళలేదట. నేను తిన్నది పన్నెండు పెట్టెల లడ్డూలూ మైసూర్‌పాకులే అనుకున్నాను. ఆ పెద్దాయన నిద్ర కూడా తిన్నాను. అది ఇప్పటికీ తలుచుకుంటే నవ్వు రాదు.

ఆయనకి మాత్రం పట్టరాని ఆనందం. నన్ను ఒక్కమాట అనలేదు. మీరొచ్చి చెప్పారు కాబట్టి బతికానమ్మా అంటూ కిలో పెట్టె తీసుకుని లడ్డూలు నింపడం మొదలుపెట్టారు. నేను వద్దన్నాను. ఒకసారి వద్దంటే మర్యాద అనుకున్నారు. రెండోసారి వద్దన్నాను. రెండు కాజూ బర్ఫీలు ఎక్కువ పెట్టారు. భాస్కర్ కూడా వద్దన్నాడు. ఆయన పక్కన మైసూర్‌పాకు చేర్చారు. మార్సీ ముందు రోజు ఏం అనుభవించిందో నాకు పూర్తిగా అర్థమైంది. నా చెయ్యి అప్పటికే పెట్టె వైపు కదులుతోంది. ఇంక లాభం లేదని, కౌంటర్ దగ్గరే ఫోన్ తీసి జూడీకి చేసి, స్పీకర్‌లో పెట్టాను.

"గుడ్ మార్నింగ్ మేడం. ఓన్లీ వన్ కిలో" అన్నారు వెంకటరత్నం గారు ఫోన్‌లోకి వంగి, చాలా వినయంగా.

"సర్, ఆ పెట్టె కింద పెట్టండి" అంది జూడీ, బస్సు గొంతుతో.

ఆయన ఠక్కున కింద పెట్టేశారు. మీ డాక్టరా అని నన్ను గుసగుసగా అడిగారు. కాదండీ, స్నేహితురాలు అన్నాను. ఆ మాట అనగలిగినందుకు నాకే కాస్త గర్వంగా అనిపించింది. ఆయన పెట్టె వంకా, నా వంకా, ఫోన్ వంకా చూసి, "అలాగని మిమ్మల్ని ఒట్టి చేతులతో ఎలా పంపిస్తానమ్మా" అని మథనపడి, చివరికి ఫ్రిజ్ తెరిచి ఒక కట్ట కరివేపాకు తీసి నా చేతిలో పెట్టారు.

"ఏమిచ్చాడు?" అని గద్దించింది జూడీ.

"ఆకులు. కూరలో వేస్తాం. తినేటప్పుడు తీసి కంచం పక్కన పెట్టేస్తాం."

జూడీ క్షణం ఆలోచించి, "అవి తీసుకో" అంది.

ఇదీ జరిగింది. ఆ తర్వాత శనివారాలు చాలా గడిచాయి. జారిపడ్డ శనివారాలూ ఉన్నాయి, ప్యాంట్రీలోంచి జూడీకి ఫోన్ చేసిన మధ్యాహ్నాలూ ఉన్నాయి. అవతల ఎత్తేవాళ్ళున్నారు, అదే తేడా. అందుచేత మార్సీ సాక్షిగా, క్లారెన్స్ సాక్షిగా, నలభై తొమ్మిది బొబ్బట్లు అందుకున్న ఫైర్ స్టేషన్ సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏమీ తేవద్దన్న అమెరికన్‌కి ఏమీ తీసుకెళ్ళను. వద్దన్నవాళ్ళని రెండోసారి అడగను. ఒక్కదానికి ఏం కాదు అనే మాట ఈ నోటినుంచి చచ్చినా రాదు. ఈ ప్రతిజ్ఞ జీవితాంతం చెల్లుతుందని కాగితం మీద రాసి, ఫోన్‌లో జూడీకి చదివి వినిపించాను. జీవితాంతం అన్న మాట కొట్టేయమంది, మా గుంపులో మాట ఇచ్చేది ఒక్కోరోజుకేనట. కాబట్టి పైన రాసినదంతా ఇవాళ్టికి మాత్రమే చెల్లుతుంది. రేపు పొద్దున లేవగానే మళ్ళీ చేస్తాను.